హెమా ఫ్రీ (హెమా అనే రసాయనం లేదు) అని అమ్ముతున్న ఆ గోళ్ళ జెల్ పాలిష్ కిట్ కొనకండి

ఆ కిట్ అమ్మినావిడ ఇప్పుడే నన్ను బ్లాక్ చేసింది. చేతులు మండుతున్నా కూర్చుని టైప్ చేస్తున్నాను. బెంగళూరు మారతహళ్లి వైపు తెలుగువాళ్ళకి ఈ ఇన్‌స్టా పేజీ తెలిసే ఉంటుంది, పేరు రాయను. చెల్లి పెళ్ళికని కిట్ తెప్పించాను. యూవీ ల్యాంపుతో కలిపి 1,800.

మూడోసారి వేసుకున్నాక గోళ్ళ చుట్టూ దురద. తర్వాత నీటి పొక్కులు లేచి వేళ్ళ కొసలు పగిలాయి. పెళ్ళిలో అన్నం స్పూనుతో తిన్నాను. కనురెప్పలు కూడా వాచాయి, ఆ వేళ్ళతో ముట్టుకున్నా చాలట.

స్కిన్ డాక్టర్ గారు వీపుకి ప్యాచ్ టెస్ట్ పట్టీలు అంటించి, రెండు రోజులకి తీసి, ఇంకో రెండు రోజులాగి మళ్ళీ చూశారు. హెమా పెట్టిన చోట ఎర్రగా ఉబ్బింది. అది అక్రిలేట్ల జాతి రసాయనం. ల్యాంపు కింద సరిగా గట్టిపడని జెల్ చర్మానికి అంటితే ఈ అలర్జీ వస్తుందట.

మరి సీసా మీద హెమా ఫ్రీ అని ఉందే! ఇంటికొచ్చి ఆ తెల్ల స్టిక్కర్‌ని నీళ్ళలో నానబెట్టి ఒలిచాను. కింద అసలు లేబుల్. పదార్థాల్లో రెండో పేరే హెమా. పార్లర్ వాళ్ళు మాత్రమే వాడాలి, అలర్జీ రావచ్చు అని ఇంగ్లీషులో హెచ్చరిక. యూరప్‌లో 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం ఆ మాట రాయాల్సిందే. సరిగ్గా దాని మీదే స్టిక్కర్ అంటించి నాకు అమ్మింది.

ఫొటోలు పంపితే, అప్పటిదాకా "అక్కా అక్కా" అన్న మనిషి ఏమందో చూడండి: "మేడమ్, ఇంతమందికి అమ్మాను, ఎవరికీ రాలేదు. చేతులు శుభ్రంగా ఉంచుకుంటే ఇలాంటివి రావు." డబ్బు పోతే పోయింది, ఆ మాట మాత్రం పడలేకపోతున్నాను. ఒలిచిన స్టిక్కర్ ఫొటో పెట్టానో లేదో, బ్లాక్.

తప్పు నాదీ ఉంది. మొదట దురద పెట్టినప్పుడే ఆపాల్సింది, పెళ్ళి దగ్గరపడిందని మళ్ళీ వేసుకున్నాను. ఈ అలర్జీ ఒకసారి పట్టుకుంటే జీవితాంతం ఉంటుందట. ఇకపై పంటికి ఫిల్లింగ్ వేయించుకోవాలన్నా డెంటిస్ట్‌కి ముందే చెప్పాలి. షుగర్ చూసే కొన్ని సెన్సర్ల జిగురులోనూ ఈ జాతివే ఉంటాయి. మా ఇంట్లో అందరికీ షుగరే, నాకు ఆ భయం పట్టుకుంది.

మీ దగ్గర ఆ సీసాలుంటే స్టిక్కర్ ఒలిచి చూడండి. దురద మొదలైతే ఆ రోజే ఆపేసి, సీసా పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మామూలు గ్లవుజులు నమ్మొద్దు, హెమా నిమిషాల్లో వాటిని దాటి లోపలికి వస్తుంది. ఆ పేజీలో కొన్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, రేపు 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తున్నాను.