వంజరం లేదని చెప్పిన హోటల్: విశాఖలో మా ఇద్దరి భోజనాలు

మా ఇంట్లో ఉండేది ఇద్దరమే, ఇద్దరికీ ఉద్యోగాలే. మా వారిది షిఫ్టుల పని కావడంతో ఆదివారం కూడా ఇద్దరికీ కలిసి సెలవు దొరకడం అరుదు. అలా దొరికిన రోజున వంట పెట్టుకోకుండా బయట తినడం పెళ్ళయిన పదకొండేళ్ళుగా మాకు అలవాటు. అయితే ఇందులో ఒక చిక్కు ఉంది. నేను భీమిలిలో, చేపల పులుసు లేనిదే ఆదివారం గడవని ఇంట్లో పుట్టి పెరిగాను. మా వారు గుడ్డు కూడా ముట్టరు. అందువల్ల ఏ హోటల్‌కు వెళ్ళినా నాకు చేప తాజాగా ఉండాలి, ఆయనకు ఆ చేప తగలని అన్నం కావాలి. ఈ రెండూ ఒకే బల్ల మీద దొరికే చోటు కోసం ఈ ఏడాది విశాఖపట్నంలో మేము తిరిగిన కొన్ని చిన్న హోటళ్ళ గురించీ, మధ్యలో మేము పొరపాటున అడుగుపెట్టిన ఒక పెద్ద హోటల్ గురించీ ఇక్కడ రాస్తున్నాను.

ఉదయపు టిఫిను సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అక్కడ మా ఇద్దరికీ పేచీ లేదు. బీచ్ రోడ్డులో నడక ముగించుకుని చినవాల్తేరు వైపు ఎక్కి వచ్చే దారిలో, ఒక ఇంటి అరుగు మీద నడిచే టిఫిన్ సెంటర్ ఉంది. ఇడ్లీ, పూరీ, పెసరట్టు, ఆదివారాల్లో దిబ్బరొట్టె. అంతకు మించి ఏమీ ఉండవు. ఇక్కడ తినవలసినది బొంబాయి చట్నీ. శనగపిండిని నీళ్ళలో కలిపి, ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వేసిన తాలింపులో పోసి ఉడికించే ఈ చట్నీ వేడి మీద జారుగా ఉండి, చల్లారేకొద్దీ గట్టిపడి, పైన తొరక కడుతుంది. చాలా చోట్ల తెల్లవారుజామునే పెద్ద గిన్నెడు కాచి పెట్టుకుని, గట్టిపడినప్పుడల్లా వేడినీళ్ళు పోసి పలచన చేస్తుంటారు. ఎనిమిది గంటలయ్యేసరికి అందులో ఉప్పు, కారం, పులుపు అన్నీ పోయి శనగపిండి వాసన ఒక్కటే మిగులుతుంది. ఇక్కడ మాత్రం చిన్న గిన్నెలో అరగంటకొకసారి కొత్తగా కాస్తారు. ఒకసారి మేము వెళ్ళేసరికి గిన్నె దాదాపు ఖాళీగా ఉంది. పొయ్యి దగ్గరున్న పెద్దాయన, "చట్నీ అయిపోయిందమ్మా, పది నిమిషాలు కూర్చుంటే కాచి ఇస్తాను, తొందరుంటే అల్లం పచ్చడితో తినేయండి" అన్నారు. నీళ్ళు పోసి సర్దేయడానికి ఆ గిన్నె అడుగున గరిటెడు చట్నీ ఇంకా ఉంది, నేను చూశాను. ఆయన దాన్ని తీసి పక్కన పెట్టి, కొత్తగా ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టారు. మేము కూర్చున్నాము.

నాకు నచ్చనిది ఒక్కటే. పళ్ళెం మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి, పొగలు కక్కే ఇడ్లీ దాని మీద పెడతారు. కడిగే పని తప్పుతుందన్న ఆలోచన అర్థం చేసుకోదగ్గదే కానీ, వేడి తగలగానే ముడుచుకుపోయే ఆ కాగితం మీద తినడానికి మనసొప్పదు. మేము సంచిలో రెండు స్టీలు పళ్ళేలు తీసుకెళ్తున్నాము. వాళ్ళు ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు.

మధ్యాహ్నపు శాకాహార భోజనానికి ద్వారకానగర్‌లో, ఆర్టీసీ కాంప్లెక్సు నుంచి నడిచి వెళ్ళగల దూరంలో, మేడ మీద ఒక మెస్సు ఉంది. కోచింగ్ పిల్లలు, ఆఫీసుల వాళ్ళు ఎక్కువగా వస్తారు. భోజనం 110 రూపాయలు. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక కూర, పులుసు, పచ్చడి, పెరుగు. ఇతర జిల్లాల నుంచి వచ్చిన స్నేహితులను ఇక్కడికి తీసుకెళ్ళినప్పుడు వాళ్ళు మొదట అడిగేది పులుసులో తీపి ఎందుకని. మా ఉత్తరాంధ్రలో పులుసంటే బెల్లం పడవలసిందే. దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి పక్కనే అనకాపల్లిలో ఉండగా, ఈ ప్రాంతపు నాలుకకు ఆ తీపి అలవాటు కావడంలో వింత లేదు. ఈ మెస్సులో పులుసు ఆ లెక్క తప్పదు: ముందు పులుపు తగిలి, తరువాత కారం వచ్చి, చివర గొంతులో మాత్రమే తీపి తెలుస్తుంది.

వారంలో ఒకటి రెండు రోజులు ఆవపెట్టిన అరటికాయ కూర చేస్తారు. మా వారు ఈ మెస్సుకు వెళ్ళేది ముఖ్యంగా దాని కోసమే. నానబెట్టిన ఆవాలను మిరపకాయ, ఉప్పు వేసి నూరిన ముద్దను కూర పొయ్యి మీద నుంచి దించిన తరువాతనే కలపాలి; పొయ్యి మీద ఉండగా కలిపితే ఆవ చేదెక్కుతుంది. పెద్ద ఎత్తున వండే చోట ఈ జాగ్రత్త తప్పిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఇక్కడ మేము తిన్న ఏడెనిమిది సార్లలో ఒక్కసారి కూడా చేదు తగలలేదు, ప్రతిసారీ ముక్కుకు ఘాటు తగిలింది. ఒంటిగంటన్నర దాటితే ఆ కూర ఉండదు; అయిపోయిందని మెట్ల దగ్గరి బల్ల మీద సుద్దముక్కతో రాసి పెడతారు, కాబట్టి కావాలనుకున్నవాళ్ళు మేడ ఎక్కకుండానే వెనుదిరగవచ్చు. నేను అక్కడ తృప్తిగానే తింటాను. అయినా నెలకొకసారైనా సముద్రపు చేప తినకపోతే ఈ ఊళ్ళో ఉండి ఏం లాభమని నాకు అనిపిస్తుంది, ఆ సంగతి మా వారికి బాగా తెలుసు.

ఆ కారణంగానే ఈ ఏడాది మే నెలలో మా పెళ్ళిరోజున సముద్రం కనబడే ఒక పెద్ద హోటల్‌కు వెళ్ళాము. పేరు రాయను. నేను వంజరం వేపుడు అడిగాను, తాజాదేనా అని కూడా అడిగాను. "ఈ ఉదయమే వచ్చిందండీ" అన్నాడు సప్లయర్. మా వారు పనీరు వేయించే నూనె వేరేనా అని అడిగితే, "అంతా వేరేనండీ" అన్నాడు. ఏది అడిగినా వెంటనే అవునన్న జవాబే వచ్చింది. నాకు అప్పుడే అనుమానం రావలసింది, ఎందుకంటే మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట నిషేధం ఉంటుంది. మరపడవలు, మోటారు పడవలు రేవు దాటవు. మోటారు లేని సంప్రదాయ తెప్పలకు మాత్రం మినహాయింపు. భీమిలి పిల్లగా ఈ విషయం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసి కూడా ఆ సాయంత్రం నమ్మాను.

వేపుడు వచ్చింది. ఎర్రటి మసాలా పైన మందంగా పట్టించి ఉంది. తాజా వంజరం చెంచా తగిలితే పొరలు పొరలుగా విడిపోవాలి. ఇది పిండిలా రాలింది. రెండు ముద్దలకే నాలుక మీద మిరియం కొరికినట్టు చురుక్కుమంది. ఇల్లు చేరేలోపు ముఖం, మెడ ఎర్రబడి, తలనొప్పి మొదలైంది. చేప నాకు పడకపోవడమన్నది ఎన్నడూ లేదు, అందుకే ఆ రాత్రే డాక్టరు దగ్గరికి వెళ్ళాము. ఆవిడ చెప్పిన సంగతి చేపలు తినే ప్రతి ఒక్కరికీ తెలియాలి. వంజరం, కానాగంతలు, ట్యూనా వంటి చేపల కండలో హిస్టిడిన్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. పట్టిన వెంటనే చల్లగా మంచులో పెట్టకపోతే బాక్టీరియా దానిని హిస్టమిన్‌గా మారుస్తుంది; ఒళ్ళు ఎర్రబడడం, తలనొప్పి దాని వల్లే. ఒకసారి హిస్టమిన్ తయారయ్యాక ఎంత వేయించినా, ఎంత ఉడికించినా అది పోదు. మంచులో నిలవ పెట్టిన చేప అమ్మడం తప్పు కాదు, సరిగా నిలవ పెడితే దానితో ప్రమాదమూ లేదు. నిలవ చేపను ఈ ఉదయపు చేప అని చెప్పడమే నాకు మింగుడు పడలేదు. మా వారి పనీరు ముక్కలకు చేప వాసన ఉందని ఆయన ఇంటికి వచ్చాక చెప్పారు. పెళ్ళిరోజున నా మనసు కష్టపెట్టడం ఎందుకని అక్కడ మౌనంగా తినేశారట. దానికి నేను ఇప్పటికీ బాధపడుతున్నాను.

బిల్లులో అయిదు శాతం జీఎస్టీతో పాటు సర్వీస్ చార్జీ అని మరో వరుస ఉంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం హోటళ్ళు ఆ చార్జీని తమంతట తాముగా బిల్లులో కలపకూడదు, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా ఆ మార్గదర్శకాలను సమర్థించింది. మా వారు నెమ్మదిగా ఈ మాట చెప్పాక మేనేజరు కొంతసేపు వాదించి, చివరకు తీసేశారు. తీయకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ఆ తరువాత బయట చేప తినడం మానేద్దామనుకున్నాను. మా ఆఫీసులో పనిచేసే ఒకామె, జాలారిపేట దగ్గర సందులో ఒక చేపల భోజనం హోటల్ ఉందనీ, ఒక్కసారి చూసి రమ్మనీ పట్టుబట్టింది. జూన్ మొదటి వారంలో, అంటే నిషేధం ఇంకా ముగియకముందే, సగం మనసుతో వెళ్ళాము. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, గోడకు ఒక ఫ్యాను. నడిపేది నడివయసు ఆవిడ. ఆవిడ కొడుకు వడ్డిస్తాడు. కూర్చోగానే వంజరం ఉందా అని పరీక్షించడానికన్నట్టే అడిగాను.

"వంజరం నేదమ్మా. ఏట ఆపేసినారు గదా. మంచులోది తెచ్చి తాజాదని నాను సెప్పలేను. తెప్ప మీదొచ్చిన నెత్తళ్ళున్నాయి, మావిడికాయేసి వండినాను. నేదంటే ఎండు సేపల కూరుంది."

అప్పుడు మా వారు తన ప్రశ్న అడిగారు. ఆవిడ పొయ్యి వైపు చేయి చూపించి, "పొయ్యి ఒకటే బాబూ. పప్పు, చారు ముందు దించేసి, అప్పుడు సేపలెక్కిస్తాను. గిన్నెలు ఏరే, గరిటెలు ఏరే. వాసన మాత్రం తగుల్తాది, సూసుకోండి మరి" అంది. ఆ జవాబు వినగానే మా వారు చేతులు కడుక్కోవడానికి లేచారు. పొయ్యి ఒకటేనని ఒప్పుకున్న మనిషి గరిటెల విషయంలో అబద్ధం చెప్పదని ఆయన తరువాత నాతో అన్నారు. నేను వడ్డన అయ్యేంతవరకు గమనిస్తూనే ఉన్నాను. పప్పు గరిటె పిడికి పసుపుపచ్చని గుడ్డపీలిక చుట్టి ఉంది. చేపల గరిటెకు ఏమీ లేదు. కుర్రాడు ఒకసారి తొందరలో గుడ్డ లేని గరిటెను చారు గిన్నె వైపు తీసుకెళ్ళబోతే, ఆవిడ వెనక నుంచి "ఒరే" అని ఒక్క కేక వేసింది. వాడు అక్కడికక్కడే ఆగిపోయాడు.

నెత్తళ్ళ కూర గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. చిన్న చేపలను తల తీసి, మామిడికాయ ముక్కలు, పచ్చిమిర్చి, ఉల్లిపాయలతో వెడల్పాటి దాకలో పేర్చి, గరిటె పెట్టకుండా దాకను అటూ ఇటూ తిప్పుతూ వండాలి. గరిటె పెడితే చేప నలిగిపోతుంది. ఆ రోజు నా పళ్ళెంలోకి వచ్చిన నెత్తళ్ళు ఒక్కటీ విరగలేదు. మామిడికాయ పులుపు చేప లోపలి దాకా వెళ్ళింది, ముల్లు నోట్లో మెత్తగా నలిగింది. మా అమ్మ పోయాక ఆ రుచి నాకు మళ్ళీ దొరకలేదు, ఆ మాట పైకి అనకుండానే మా వారికి తెలిసిపోయింది. ఆయనకు వడ్డించిన పప్పుచారు మాత్రం సాధారణంగా ఉంది, వేపుడులో నూనె ఎక్కువ. చేపలు తినని మనిషి రుచి కోసం అంత దూరం వెళ్ళవలసిన పని లేదని నిజాయతీగా చెప్పాలి. చేపల భోజనం 150, మామూలు భోజనం 90.

ఆ తరువాత నాలుగుసార్లు వెళ్ళాము. నిషేధం ముగిశాక కానాగంతల పులుసు, ఒకసారి పీతల ఇగురు తిన్నాను. వర్షాకాలంలో సముద్రం పోటుగా ఉన్న ఒక రోజున ఏ చేపా లేదని చెప్పి, ఎండు నెత్తళ్ళు వంకాయ కలిపిన కూర పెట్టింది. వెళ్ళదలచుకున్నవాళ్ళు పన్నెండున్నరకల్లా చేరుకోవాలి. రెండు దాటితే అన్నం తప్ప ఏమీ మిగలదు. బండి సందు మొదట్లోనే ఆపుకోవాలి. చేతులు కడుక్కునే చోట నేల జారుడుగా ఉంటుంది, పెద్దవాళ్ళను పట్టుకుని తీసుకెళ్ళాలి. దాని గురించి ఆవిడకు చెబితే గోనెపట్టా వేయించింది కానీ అది చాలదు. రాత్రి పూట హోటల్ ఉండదు.

కిందటి వారం మా అత్తగారు ఫోన్ చేసి, కార్తీకమాసంలో సింహాచలం దర్శనానికి వస్తున్నానని చెప్పారు. ఆవిడ బయట నీళ్ళు తాగడానికి కూడా ఆలోచించే మనిషి. భోజనానికి ఎక్కడికి తీసుకెళ్దామని నేను ద్వారకానగర్ మెస్సు పేరు చెప్పబోతుంటే, మా వారే "అమ్మను జాలారిపేటకు తీసుకెళ్దాం, అడిగి చూడు" అన్నారు. హోటల్ ఆవిడను అడిగాను. కార్తీక సోమవారాల్లో పొయ్యి మీదికి చేప ఎక్కించననీ, ముందు రోజు రాత్రే గిన్నెలన్నీ చింతపండుతో తోమిస్తాననీ, పెద్దావిడను ఆ రోజే తీసుకురమ్మనీ ఆవిడ చెప్పింది. మా వారు ఆ సోమవారానికి సెలవు పెట్టేశారు. నేను పెట్టాలి.