మా డేగ పుంజు ఈక తీర్థన్ నీళ్ల మీద తేలింది

బావా నేనూ నకిలీ ఈగలతో ట్రౌట్ చేపలు పట్టే ఫ్లై ఫిషింగ్ కోసం హిమాచల్ ప్రదేశ్‌లోని తీర్థన్ లోయకి వెళ్లాం. అక్కడ మేం మొదట దిగిన చోటు గురించి చెప్పకుండా ఉండలేను. గది రాత్రికి 4,200 రూపాయలు. ఫోన్‌లో 'ఫ్లై ఫిషింగ్ గైడ్ అందులోనే' అన్నారు. తీరా వెళ్లాక గైడ్‌కి రోజుకు 2,500 వేరే అన్నారు. బెంగళూరు నుంచి అంత దూరం వచ్చాం కదా అని కట్టాం. పొద్దున్నే ఆ గైడ్ తెచ్చింది బరువైన ఎర విసిరే స్పిన్నింగ్ రాడ్, దాని చివర చెంచా లాంటి ఇనుప ఎర. మా ఈగల డబ్బా తెరిచి చూపిస్తే 'ఇవి ఇక్కడ పనికిరావు' అని మూత పెట్టేశాడు. బావ మొహం మాడిపోయింది. మధ్యాహ్నం దాకా నాతో కూడా మాట్లాడలేదు.

ఆ డబ్బా వెనక రెండు నెలల కష్టం ఉంది. మారతహళ్లిలో మా అక్కావాళ్ల ఫ్లాట్‌లో, రోజూ రాత్రి భోజనాలయ్యాక డైనింగ్ టేబుల్ మీద కట్టిన ఈగలవి. డ్రై ఫ్లై అంటే నీళ్ల మీద తేలే నకిలీ ఈగ. దాన్ని తేల్చేది పుంజు మెడ ఈక. ఆ పీచు బిరుసుగా ఉండి నీటిని కాళ్లలా తన్నిపట్టి నిలబడుతుంది. పెట్ట ఈక మెత్తన, తడిసి మునిగిపోతుంది. మేం కట్టింది ఆడమ్స్ అనే రకం. 1922లో అమెరికాలోని మిషిగన్‌లో లెనర్డ్ హాలడే కట్టిన ఈగ అది. దానికి ఒక గోధుమరంగు ఈక, ఒక నలుపు తెలుపు చారల ఈక కలిపి చుట్టాలి. ఆ మాట చెప్పగానే బావ, "ఒరేయ్, అంటే డేగ ఒకటి, పర్ల ఒకటి, అంతేగా!" అన్నాడు. భీమవరంలో పుంజుల మధ్య పెరిగిన మనిషి. మర్నాడే శివాజీనగర్ రస్సెల్ మార్కెట్‌కి వెళ్లి, రెండు మెడలు చర్మంతో సహా 180 రూపాయలకి తెచ్చాడు. సబ్బుతో కడిగి, ఉప్పు పట్టించి, నీడలో ఆరబెట్టాం.

కొలతలు తప్పితే ఈగ పక్కకి ఒరిగిపోతుంది. మా కొక్కెం 14 నంబరు, సన్నటి తీగది. తోక పొడుగు కొక్కెం కాడంత ఉండాలి. చుట్టే ఈక పీచు కొక్కెం నోటి వెడల్పుకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. మన నాటుపుంజు ఈక పొట్టి, నాలుగు చుట్లకే అయిపోతుంది. అయినా పీచు ఆ కొలతకి రావాలంటే మెడ పైభాగంలో ఉండే చిన్న ఈకలే ఏరుకోవాలి. మొదట కట్టిన ఇరవైలో తల దగ్గర ఈక కిక్కిరిసి కొక్కెం కన్ను మూసుకుపోయింది. ఇరవై ఒకటోది అక్క పప్పు కడిగే గిన్నెలో వేస్తే, పీచు కొసల మీద నిటారుగా నిలబడింది. అక్క కూడా వంటిల్లు వదిలి వచ్చి చూసింది.

ప్రయాణం మామూలే. విమానం రానూపోనూ మనిషికి 11,400, ఢిల్లీ నుంచి ఔట్ అనే ఊరి దాకా రాత్రి బస్సు 1,350, అక్కడి నుంచి తీర్థన్ లోయలోని గుషైనీకి టాక్సీ 2,000. మత్స్యశాఖ లైసెన్స్‌కి రోజుకు 100 కట్టాం. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి ఆఖరు దాకా ట్రౌట్ పట్టనివ్వరు. వానాకాలంలో నీరు బురద. మేం వెళ్లిన అక్టోబర్ మొదటి వారం మంచి సమయం.

మొదటి చోట రెండో రాత్రి డబ్బు వెనక్కివ్వలేదు. పోనీ అని వదిలేసి, ఊరి పైన ఒక చెక్క ఇంట్లో దిగాం. భోజనంతో మనిషికి 1,600. ఆ రాత్రి ఇంటావిడ ఆవిరి మీద ఉడికించిన సిడ్డూ పెట్టింది. లోపల అక్రోట్ ముద్ద, పైన చేతినిండా నెయ్యి. బావ "ఇది మన కుడుమే" అని మూడు తిన్నాడు. పొద్దున్నుంచి అప్పుడే నవ్వాడు. మీరు వెళ్తే ఇలాంటి ఇంట్లోనే దిగండి. గైడ్ కావాలంటే, డబ్బు ఇచ్చే ముందు అతని ఫ్లై రాడ్ కళ్లారా చూడండి.

మర్నాడు ఆ ఇంటి పెద్దాయనే మమ్మల్ని నదికి తీసుకెళ్లాడు. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి ఉంటుంది కాబట్టి, దిగువన నిలబడి ఎగువకి వేయమన్నాడు. ఈగ నీటితోపాటే, నీటి వేగంతోనే రావాలి. లైన్ కొంచెం లాగినా నీళ్ల మీద గీత పడుతుంది, చేప ఇక లేవదు. గంటన్నర అలాంటి గీతలే పడ్డాయి. ఒక బండ పక్కన నురగ అంచునే మా ఈగ నిదానంగా వస్తోంది, పర్ల ఈకతో కట్టిన రెండు రెక్కలూ నిలువుగా కనబడుతున్నాయి. చిన్న సుడి, ఈగ లేదు. రాడ్ మెల్లగా ఎత్తాను.

పది అంగుళాల బ్రౌన్ ట్రౌట్. పక్కలకి ఎర్ర చుక్కలు, ఒక్కో చుక్క చుట్టూ తెల్లటి వలయం. కొక్కేనికి ముల్లు ముందే నొక్కేశాం కాబట్టి తేలిగ్గా ఊడింది. బావ చెయ్యి తడుపుకుని, చేపని నీళ్లలోనే పట్టుకుని, అది తోక ఆడించేదాకా ఉంచి వదిలాడు. పళ్లకి డేగ ఈక ఒక చుట్టు తెగింది. అదే ఈగని చొక్కా అంచుతో ఒత్తి ఆరబెట్టి, ఈసారి రాడ్ బావ తీసుకున్నాడు.