‘బంగారం మోడ్’ పేరుతో అమ్మే మెటల్ డిటెక్టర్లతో జాగ్రత్త: పోయిన ఉంగరాలు వెతికిపెట్టేవారికి హెచ్చరిక

పోయిన ఉంగరాలను వెతికిపెట్టడం కోసం మెటల్ డిటెక్టర్ కొనాలనుకుంటున్న వారందరూ డబ్బు కట్టే ముందు దీన్ని ఒకసారి పూర్తిగా చదవాలని కోరుతున్నాను. బంగారాన్ని మాత్రమే పట్టే ప్రత్యేక మోడ్ ఉందని, రెండు మీటర్ల లోతు వరకు చూస్తుందని, నీటిలో ముంచినా ఏమీ కాదని ప్రకటించి ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక యంత్రాన్ని నేను కొన్నాను. ఆ మూడు మాటల్లో ఒక్కటి కూడా నిలబడలేదు. నా డబ్బు పోయిన మాట నిజమే గాని, ఇంత వివరంగా రాయడానికి కారణం అది కాదు. ఈ పనిలో మనం వెతికేది మన వస్తువు కాదు. ఎవరో మన మీద నమ్మకంతో పిలిచి, ఫలానా చోట జారిపోయిందని చూపిస్తే అక్కడ వెతుకుతాము. అక్కడ యంత్రం మోగకపోతే ఉంగరం లేదని వారు నమ్ముతారు, వెతకడం మానేసి వెళ్ళిపోతారు. ఉంగరం మాత్రం జానెడు లోతులో అక్కడే ఉండిపోతుంది. నాసిరకం యంత్రం వల్ల అసలు నష్టపోయేది కొన్నవారి కంటే ఎక్కువగా వారే.

నా విషయంలో సరిగ్గా అదే జరగబోయింది. సముద్రపు ఒడ్డున అలలు తాకి వెళ్ళే తడి ఇసుకలో ఒకావిడ పెళ్ళి ఉంగరం జారిపోయింది. రాయి లేని, సన్నటి బంగారు ఉంగరం. చన్నీటిలో వేళ్ళు కొద్దిగా సన్నబడతాయి కాబట్టి ఇలాంటివి ఎక్కువగా అక్కడే జారతాయి. ఆవిడ చూపించిన చోట చుట్టూ గీత గీసుకుని, బంగారం మోడ్ పెట్టి, ఒక వరుస సగం మీద ఇంకో వరుస పడేలా కాయిల్‌ను (యంత్రం కింది కొసన ఉండే తీగచుట్ట పళ్ళేన్ని) ఇసుకకు ఆనించినంత దగ్గరగా తిప్పుతూ అంతా గాలించాను. యంత్రం ఒక్కసారి కూడా మోగలేదు. అన్ని లోహాల మోడ్‌లోకి మారిస్తే ఇసుకే లోహమైనట్టు ఆగకుండా మోగింది. “ఇంకొక్కసారి చూస్తారా అన్నయ్యా” అని ఆవిడ అడుగుతుండగా, ఇదే పని చేసే ఒక మిత్రుడు తన మల్టీ ఫ్రీక్వెన్సీ డిటెక్టర్‌తో వచ్చి, నేను తిప్పిన వరుసల్లోనే, మూరెడు దూరం కూడా పక్కకు పోకుండా, జల్లెడ పారతో రెండు తోడులు తోడి ఉంగరం బయటికి తీశాడు.

ఆవిడ అనుమతితో ఆ ఉంగరాన్ని అక్కడే తడి ఇసుక మీద పెట్టి, నా యంత్రాన్ని బంగారం మోడ్‌లో దాని మీదుగా తిప్పి చూశాము. మోగలేదు. కాయిల్ దాదాపు ఉంగరానికి తగులుతున్నా మోగలేదు. అన్ని లోహాల మోడ్‌లో తెర మీద ఒక చిన్న అంకె కదిలింది. ఉంగరం తీసేసి వట్టి తడి ఇసుక మీద తిప్పితే దాదాపు అదే అంకె మళ్ళీ వచ్చింది. కళ్ళెదుట కనిపిస్తున్న బంగారాన్ని చూడలేని ‘బంగారం మోడ్’ అది.

ఇలా ఎందుకు జరుగుతుందో తెలిస్తే ఆ ప్రకటనలు మిమ్మల్ని మోసం చేయలేవు కాబట్టి కాస్త వివరిస్తాను. మామూలు మెటల్ డిటెక్టర్‌కు బంగారం అంటే ఏమిటో తెలియదు. దాని కాయిల్ సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది, ఆ క్షేత్రం లోహంలో సుడి విద్యుత్ ప్రవాహాలను పుట్టిస్తుంది, ఆ ప్రవాహాల నుంచి తిరిగి వచ్చే క్షేత్రం ఎంత బలంగా ఉంది, ఎంత ఆలస్యంగా వచ్చింది అన్నవాటిని కొలిచి యంత్రం ఒక అంకెగా చూపిస్తుంది. ఆ అంకె లోహపు విద్యుత్ వాహకత మీదే కాక, వస్తువు మందం, పరిమాణం, ఆకారం, అది ఇసుకలో పడి ఉన్న తీరు మీద కూడా ఆధారపడుతుంది. పైగా ఉంగరాలు స్వచ్ఛమైన బంగారంతో ఉండవు. 22 క్యారెట్లంటే 91.6 శాతం, 18 క్యారెట్లంటే 75 శాతం బంగారం. మిగతాది రాగి, వెండి, పల్లాడియం వంటి లోహాలు. ఇలా కలిపిన మిశ్రమాల వాహకత స్వచ్ఛమైన బంగారం కంటే బాగా తక్కువగా ఉంటుంది. అందువల్ల సన్నటి తెల్ల బంగారు ఉంగరం అల్యూమినియం రేకు ముక్క చూపించే అంకె దగ్గరే పడుతుంది, మధ్యరకం ఉంగరం కూల్‌డ్రింక్ డబ్బా మూత లాగే చెవి దగ్గర పడుతుంది, బరువైన ఉంగరం నాణేల దరిదాపుల్లోకి పోతుంది. బంగారానికంటూ ఒకే అంకె లేనప్పుడు, బంగారాన్ని మాత్రమే పట్టే మోడ్ ఎలా ఉంటుంది? ఆ బటన్ చేసేదల్లా ఒక అంకెల పరిధిని ఉంచి మిగతా వాటిని నోరు మూయించడమే. చెత్తను మూయించిన ప్రతిసారీ దానితోపాటు కొన్ని ఉంగరాలు కూడా మూగబోతాయి. ఉంగరాలు వెతికే అనుభవజ్ఞులు డిస్క్రిమినేషన్‌ను, అంటే ఇలా కొన్ని అంకెలను మూయించే సెట్టింగును, దాదాపుగా వాడకుండా, రేకులు, డబ్బా చెవులు అన్నింటినీ ఓపికగా తవ్వి తీయడానికి కారణం ఇదే.

తడి ఇసుక సంగతి ఇంకా ముఖ్యం. ఉప్పునీరు విద్యుత్తును ప్రసరింపజేస్తుంది కాబట్టి, ఒకే ఫ్రీక్వెన్సీ మీద, అంటే క్షేత్రం దిశ మారే ఒకే వేగం మీద, నడిచే యంత్రానికి అది బలహీనమైన లోహంలా కనిపిస్తుంది. దురదృష్టం ఏమిటంటే, సన్నటి ఉంగరాలు పడే అంకెలూ అవే. ఉప్పు చప్పుడును తీసేయడానికి ఆ అంకెలను తొలగిస్తే ఉంగరం కూడా వాటితోనే పోతుంది. కొన్ని ఫ్రీక్వెన్సీలను ఒకేసారి పంపి, వాటి జవాబులను పోల్చి ఉప్పు ప్రభావాన్ని విడదీసే మల్టీ ఫ్రీక్వెన్సీ యంత్రాలు, లేదా క్షేత్రాన్ని ఆగి ఆగి చిన్న చిన్న దెబ్బలుగా పంపే పల్స్ ఇండక్షన్ యంత్రాలు ఈ పనికి సరిపోతాయి. పల్స్ ఇండక్షన్‌కు నల్ల ఇసుకలోని ఇనుప ఖనిజం కూడా పెద్ద అడ్డు కాదు గాని, మేకునూ ఉంగరాన్నీ అది సరిగా వేరు చేసి చెప్పలేదు. సముద్రపు ఒడ్డున వెతకాలనుకునే వారికి ఒకే ఫ్రీక్వెన్సీ యంత్రాన్ని ‘బీచ్ స్పెషల్’ అని అంటగడుతుంటే, దయచేసి కొనకండి. పొడి ఇసుకలో, పచ్చిక మీద అది బాగానే పనిచేయవచ్చు. అలల అంచున పనిచేయదు.

రెండు మీటర్ల లోతు మాట పూర్తిగా అబద్ధం. ఉంగరమంత వస్తువు కాయిల్ నుంచి దూరం జరిగే కొద్దీ దాని సంకేతం విపరీతంగా తగ్గుతుంది. కాయిల్ వెడల్పును మించిన దూరాల్లో, దూరం రెండింతలైతే సంకేతం సుమారు 64వ వంతుకు పడిపోతుంది, ఎందుకంటే క్షేత్రం వెళ్ళేటప్పుడూ తగ్గుతుంది, తిరిగి వచ్చేటప్పుడూ తగ్గుతుంది. మంచి యంత్రం కూడా మామూలు కాయిల్‌తో ఉంగరాన్ని జానెడు, మహా అయితే ఇంకొంచెం లోతులో పడుతుంది. మీటర్లలో లోతు చెప్పే ప్రకటన పెద్ద ఇనుప డ్రమ్ము గురించైనా చెబుతూ ఉండాలి, లేదా అబద్ధమైనా చెబుతూ ఉండాలి.

నీటి విషయంలో ‘వాటర్‌ప్రూఫ్’ అన్న ఒక్క మాటను నమ్మకండి. చాలా యంత్రాల్లో కాయిల్ మాత్రమే తడవవచ్చు, తెర ఉన్న పైభాగం తడవకూడదు. నీరు, దుమ్ము లోపలికి పోకుండా ఎంతవరకు ఆపుతుందో చెప్పే ఐపీ రేటింగ్ అంకె అడగండి. ఐపీఎక్స్4 అంటే తుంపరల వరకే. ఐపీ67 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాల వరకు. ఐపీ68 అయితే ఎంత లోతు, ఎంతసేపు అన్నది తయారీదారు రాసి ఇవ్వాలి. ఈ పరీక్షలు మామూలుగా మంచినీటిలో చేస్తారు, అలల దెబ్బకూ ఉప్పుకూ అవి హామీ కావు. నా యంత్రంలో హెడ్‌ఫోన్స్ పెట్టే రంధ్రానికి రబ్బరు మూత తప్ప లోపల వాషర్ లేదు. మోకాలి లోతు నీటిలో దిగిన తర్వాత తెర లోపలి వైపు ఆవిరి పట్టి, బ్యాటరీ స్ప్రింగుల మీద పచ్చటి పొర ఏర్పడింది.

తవ్విన గుంటలో వస్తువు ఎక్కడుందో చూపే పిన్‌పాయింటర్ల విషయంలో నకిలీల బెడద ఉంది. గ్యారెట్ పిన్‌పాయింటర్లకు, మైన్‌ల్యాబ్ డిటెక్టర్లకు నకిలీలు తిరుగుతున్నాయని ఆ తయారీదారులే హెచ్చరించారు. రంగు, అక్షరాలు, పెట్టె అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి కంటికి తెలియదు. సీరియల్ నంబరును తయారీదారుకు పంపి సరిచూసుకోవడం, అమ్మేవారు అధీకృత డీలర్ల జాబితాలో ఉన్నారో లేదో చూడటం ఒక్కటే దారి. నకిలీ యంత్రానికి వారంటీ వర్తించదు.

వీటన్నింటికంటే ఘోరమైనది మరొకటి ఉంది. చేతిలో పట్టుకుంటే యాంటెన్నా దానంతట అదే బంగారం వైపు తిరుగుతుందని చెప్పి, ‘లాంగ్ రేంజ్ లొకేటర్’ పేరుతో అమ్మే పరికరాలు. వాటి జోలికి అసలు పోవద్దు. ఇదే తరహాలో, పిడికి అమర్చిన ఒక యాంటెన్నా తప్ప లోపల పనిచేసేదేమీ లేని ఏడీఈ 651 అనే పరికరాన్ని బాంబులు పట్టే యంత్రమని ఇరాక్ భద్రతా దళాలకు అమ్మినందుకు, జేమ్స్ మెక్‌కార్మిక్ అనే వ్యాపారికి 2013లో బ్రిటన్ కోర్టు 10 ఏళ్ళ జైలు శిక్ష వేసింది. గోల్ఫ్ బంతులు వెతికే ఆటవస్తువే దానికి మూలం. అలాంటి పుల్ల ఉంగరం పోగొట్టుకున్నవారి ఎదుట పట్టుకుని నిలబడటం వారి బాధను అవమానించడమే అవుతుంది.

ఇక అమ్మినవారు ఎలా ప్రవర్తించారో చెబుతాను, ఎందుకంటే ఆ పద్ధతిలో ఒక వరుస ఉంది. మొదట, సెట్టింగు సరిగా పెట్టుకోలేదని చెప్పి ఒక వీడియో పంపారు. అందులో బాగా లావుపాటి ఉంగరాన్ని, గాలిలో, కాయిల్‌కు సమాంతరంగా, అరచేతి దూరంలో పట్టుకుని ఆడించారు. సన్నటి ఉంగరంతో, తడి ఇసుకలో చేసి చూపించమని అడిగితే నాలుగు రోజులకోసారి ఒక ముక్క జవాబు ఇస్తూ వాపసు గడువు దాటించారు. తర్వాత కాయిల్ మీద ఇసుక గీతలు ఉన్నాయి కాబట్టి వాడిన వస్తువును వెనక్కి తీసుకోలేమన్నారు. లోపలికి నీరు వచ్చిన ఫొటోలు పంపితే, “సార్, ఇది మీ వాడకం లోపం” అని ముగించారు. నేలకు ఆనించకుండా మెటల్ డిటెక్టర్‌ను ఎవరు మాత్రం ఎలా పరీక్షించగలరు?

కాబట్టి కొన్న యంత్రం ఇంటికి వచ్చిన రోజే, కాయిల్‌కు వేసిన ప్లాస్టిక్ కవర్ తీయకుండా, పరీక్ష మొదలుపెట్టండి. పెట్టె విప్పడం దగ్గర్నుంచి వీడియో తీయండి. ఇంటి నేలలో ఇనుప చువ్వలు ఉంటాయి కాబట్టి ఆరుబయట, చెక్క బల్ల మీద మీ సొంత ఉంగరం పెట్టి, చేతికి ఉన్న ఉంగరాలు, గడియారం తీసేసి తిప్పి చూడండి. ఒక్క ఉంగరం చాలదు. ఇంట్లో ఉన్నవాటిలో అన్నింటికంటే సన్నదానితో తప్పక చేయండి. తర్వాత పక్కన రేకు ముక్క, డబ్బా చెవి, నాణెం పెట్టి అంకెలు రాసుకోండి. ఉంగరాన్ని నిలువుగా నిలబెట్టి కూడా చూడండి, సంకేతం ఎంత తగ్గుతుందో తెలుస్తుంది. వెనక భాగం తెగిన ఉంగరం ఉంటే అదీ పెట్టి చూడండి: విద్యుత్తు చుట్టూ తిరగడానికి దారి తెగిపోతుంది కాబట్టి సంకేతం చాలా బలహీనపడుతుంది. గొలుసులు దొరకడం కష్టమయ్యేది కూడా ఇందుకే, యంత్రం గొలుసంతటినీ కలిపి చూడదు, చిన్న చిన్న లంకెలుగా చూస్తుంది.

ఆ తర్వాత ఉంగరానికి పొడవాటి నూలు దారం గట్టిగా కట్టి, రెండో కొస పైకి కనిపించేలా ఉంచి, ముందు బెత్తెడు, తర్వాత జానెడు లోతున ఇసుకలో పాతండి. తీగ కట్టకండి, అదే మోగుతుంది. సముద్రం దగ్గరలో లేకపోతే, ఇసుక నింపిన ప్లాస్టిక్ తొట్టిలో ఉప్పునీరు పోసి తడిపి చేయండి, సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. ఈ తొట్టి పరీక్షలో ఒక్క మోడ్‌లోనైనా సన్నటి ఉంగరం ఇసుక చప్పుడు నుంచి విడిగా వినిపించకపోతే, వాపసు గడువు ఉండగానే వెనక్కి పంపేయండి. అమ్మినవారు సెట్టింగుల గురించి చెప్పే మాటలకు లోబడి రోజులు గడవనివ్వకండి; వాపసు అభ్యర్థన ముందు నమోదు చేసి, తర్వాతే మాట్లాడండి.

ఇప్పటికే ఇలాంటి యంత్రంతో ఎవరి కోసమైనా వెతికి, దొరకలేదని చెప్పి వచ్చి ఉంటే, వారికి ఫోన్ చేసి ఆ చోటును సరైన యంత్రంతో మళ్ళీ చూడాల్సిన అవసరం ఉందని చెప్పండి. ఉంగరం పోయిన చోటి ఫొటోలు, గుర్తులు వారి దగ్గర ఉంటే చెరిపేయవద్దని చెప్పండి. బంగారం తుప్పు పట్టదు. తోటలో, పచ్చికలో పోయినదైతే ఏళ్ళ తర్వాత కూడా దొరుకుతుంది. అలల అంచున పోయినదైతే ఆలస్యం చేయవద్దు, ఇసుక కదిలే కొద్దీ అది కిందికి దిగుతూ గట్టి పొర చేరుకుంటుంది.

నాకు అమ్మినవారి పేజీ ఇప్పుడు కనిపించడం లేదు గాని, అవే ఫొటోలు, అదే వీడియో మరో దుకాణం పేరుతో నడుస్తున్నాయి. గుర్తుపట్టడానికి ఆనవాళ్ళు ఇవి: ప్రకటనలో తయారీదారు పేరు ఉండదు, ఏ ఫ్రీక్వెన్సీ మీద పనిచేస్తుందో ఉండదు, ఐపీ అంకె ఉండదు, తెర మీద ‘బంగారం’ అన్న గుర్తు మాత్రం పెద్దదిగా ఉంటుంది, వీడియోలో ఉంగరం ఒక్కసారి కూడా ఇసుకలో ఉండదు.