బోస్టన్‌లో నీలి గౌను, వూస్టర్‌లో పసిపాప

అమ్మాయి బోస్టన్‌లో ఉంటుంది కాబట్టి మే నెలలో మూడు వారాలు అక్కడే గడిపాను. హార్వర్డ్, పాత చారిత్రక స్థలాలను కలిపే నడకదారి ఫ్రీడమ్ ట్రయల్ అన్నీ చూశాను. మనసులో ఉండిపోయినవి మాత్రం రంగుల్లో వేసిన ఇద్దరు ఆడవాళ్ల బొమ్మలు.

మొదటిది మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. గ్రీన్ లైన్ ‘ఇ’ రైలు దాని దగ్గరే దింపుతుంది. టికెట్ పాతిక డాలర్ల పైమాటే. 1763 ప్రాంతంలో చిత్రకారుడు జాన్ సింగిల్టన్ కోప్లీ వేసిన మెర్సీ ఓటిస్ వారెన్ బొమ్మ అది. నీలి శాటిన్ గౌను, వెండి జలతారు, చేతిలో నాస్టర్షియం అనే పూలతీగ. ఎంత దర్జాగా ఉందో అనుకున్నాను. తీరా చూస్తే కోప్లీ మిసెస్ పిక్‌మన్, మిసెస్ సార్జెంట్ అనే మరో ఇద్దరి బొమ్మల్లో కూడా అదే గౌను వేశాడట! మా అమ్మ పెళ్లిచూపుల ఫోటోలో చీర పిన్నిది, నెక్లెస్ పక్కింటావిడది. నాకు నవ్వాగలేదు. ఈ మెర్సీయే తర్వాత, 1805లో, అమెరికా విప్లవ చరిత్రను మూడు సంపుటాలుగా తన పేరుతో అచ్చు వేయించింది. బొమ్మలో కలం లేదు, కాగితం లేదు. ఉన్నది పూలతీగే.

రెండో బొమ్మ కోసం సౌత్ స్టేషన్ నుంచి రైల్లో గంటన్నర ప్రయాణం. ఊరి పేరు చదివితే వోర్సెస్టర్ అనిపిస్తుంది, పిలిచేది వూస్టర్. రాత్రికి దిగిన హోటల్ గురించి చెప్పకపోవడమే నయం. హీటర్ తెల్లవార్లూ గడగడలాడింది, ఫిర్యాదు చేస్తే “రేపు చూస్తాం” అన్నారు. రేపు నేనుండను కదా!

వూస్టర్ ఆర్ట్ మ్యూజియం చిన్నది, జనం తక్కువ, బొమ్మ ముందు ఎంతసేపు నిలబడ్డా తోసేవాళ్లుండరు. బొమ్మలో ఉన్నది ఎలిజబెత్ ఫ్రీక్, ఒళ్లో ఆవిడ ఆరు నెలల కూతురు మేరీ. వేసిందెవరో పేరు తెలియదు. 1671లో మొదలైనప్పుడు ఇందులో ఆవిడొక్కతే. 1674లో పాపను చేర్చి, ఆవిడ చేతులు మార్చారు. ఈ సంగతి ఎక్స్‌రేలో బయటపడింది. మెడలో ముత్యాలు, లేసు కాలర్. నిరాడంబరతకి పేరుపడ్డ క్రైస్తవులు ప్యూరిటన్లు, అప్పట్లో ఇక్కడ వాళ్లదే రాజ్యం. వాళ్లకి ఇంత సోకా అనుకోకండి. 200 పౌండ్ల ఆస్తి లేనివాళ్లు బంగారు, వెండి లేసులు వేసుకోకూడదని మసాచుసెట్స్‌లో 1651లో చట్టమే చేశారు. ఈవిడ మాకు ఆ స్తోమత ఉందని చెప్పుకుంటోంది, అంతే.

ఒక్కటే చూసే వీలుంటే నేను వూస్టర్‌కే ఓటేస్తాను. తిరుగు రైలు టైమ్ మాత్రం ముందే చూసుకోండి. నాది కళ్లముందే వెళ్లిపోయింది, తర్వాతి దాని కోసం గంట పైగా బెంచీ మీద కూర్చున్నాను.