రెండు కిలోల ఆవకాయ కిట్: పొడులు మంచివే, కరపత్రంతోనే పేచీ

రెండు కిలోల మామిడి ముక్కలకు పొడులు తూచి పెట్టిన కిట్ ఇది. పెట్టెలో ఆవపిండి 300 గ్రాములు, కారం 300, మెత్తటి ఉప్పు 150, మెంతులు 25, వాటితోపాటు ఒక కరపత్రం. కాయలు, నూనె మనమే తెచ్చుకోవాలి. పొడులకు పెద్దగా వంక పెట్టలేం. ఆవపిండి ఘాటుగా ఉంది, చేదెక్కలేదు. కారం ఎర్రగా ఉంది కానీ మంట కాస్త తక్కువ. ధర మాత్రం బజార్లో విడివిడిగా కొన్నదానికి ఇంచుమించు రెట్టింపు.

గొడవంతా కరపత్రంతోనే. పాత చాదస్తాలన్నీ తీసేశామంటూ ఐదు మార్పులు చెప్పారు: ఉప్పు సగానికి తగ్గించడం, ఏదో ఒక రిఫైండ్ నూనె 400 మి.లీ. పోయడం, కోసిన ముక్కలు కడగడం, మూడో రోజు తిరగ కలపడం మానేయడం, జాడీ బదులు గాజు సీసా వాడటం. ఆ కిందే, ఫ్రిజ్ లేకుండా ఏడాది నిల్వ ఉంటుందని రాశారు. మొదటి నాలుగు మార్పులకూ, ఈ చివరి మాటకూ పొత్తు కుదరదు.

ముందు ఉప్పు. ఈ కొలతతో కలిపితే మొత్తం పచ్చడిలో ఉప్పు ఐదు శాతం లోపే. ఇళ్లలో రెండు కిలోల ముక్కలకు 300 నుంచి 350 గ్రాములు వేస్తారు; నూనెతో కలిపి లెక్కిస్తే తొమ్మిది శాతం దగ్గరకు వస్తుంది. ఉప్పు రుచికే కాదు, ముక్కలో నీటిని బయటికి లాగడానికి. ఆ ఊటలో ఉప్పు, పులుపు, ఆవ ఘాటు కలిసి బూజును, పొంగును ఆపుతాయి. ఉప్పు సగమైతే ఊట పలచన. అప్పుడు పైన తెల్లటి బూజు, లోపల బుడగలు, ముక్క మెత్తబడటం వరసగా మొదలవుతాయి. కరపత్రం రాసినవాళ్లకు ఈ ఆలోచన ఎక్కడ పుట్టిందో ఊహించవచ్చు. గ్లాసు ఆవపిండికి గ్లాసు ఉప్పు అన్న పాత కొలత దంచిన కల్లుప్పుది. అదే గ్లాసులో ప్యాకెట్ ఉప్పు పోస్తే ఎక్కువ బరువు తూగి పచ్చడి ఉప్పు కషాయమవుతుంది. దానికి మందు ఉప్పును గ్రాముల్లో తూచుకోవడం, అంతేగానీ సగం తీసేయడం కాదు.

మూడో రోజు తిరగ కలపడాన్ని తీసేయడం ఇంకా పెద్ద పొరపాటు. కలిపిన రోజు రుచి చూస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే ముక్క ఇంకా నీరు వదల్లేదు. మూడో రోజుకి ఊట దిగి, పిండి అడుగుకు చేరి, పైముక్కలు పొడిగా మిగులుతాయి. అడుగు నుంచి కలిపి రుచి చూసి, ఉప్పు తక్కువైతే వేసి, ముక్క మీద వేలి మందం తేలేదాకా నూనె పోస్తారు. ఏడాది పచ్చడిలో తప్పు దిద్దుకునే రోజు అదొక్కటే. ఉప్పూ తగ్గించి ఆ రోజునూ తీసేస్తే ఇక పట్టుకునేది ఎవరు?

నూనె గాలిని ఆపే మూత. రెండు కిలోలకు 400 మి.లీ. పోస్తే పిండే పీల్చేసుకుంటుంది, పైన తేలదు. 800 దాకా పడుతుంది. నువ్వుల నూనెలోని సహజ పదార్థాలు అది త్వరగా కనరెక్కకుండా ఆపుతాయి. మామూలు సన్‌ఫ్లవర్ నూనె తొందరగా కనరు వాసన వేస్తుంది. కడగడం సంగతి చెప్పనక్కర్లేదు: కాయను కడిగి, తుడిచి, తడి ఆరాకే కోయాలి. కోశాక జీడి, లోపలి పొర తీసి పొడిగుడ్డతో తుడవాలి. టెంక మాత్రం ముక్కకు ఉండాలి, లేకపోతే నెలల్లో నలిగిపోతుంది.

తెలంగాణలో తడి అల్లం వెల్లుల్లి ముద్ద వేస్తారు కదా అనొచ్చు. వేస్తారు, కానీ చాలా ఇళ్లలో నూనె కాచి, చల్లార్చి కలుపుతారు. తడిని తెచ్చినచోట దానికి విరుగుడూ పెట్టుకున్నారు.

జాడీ విషయంలో కరపత్రమే కరెక్ట్. పులుపూ ఉప్పూ లోహాన్ని తినేస్తాయి కాబట్టి జాడీ వచ్చింది. గాజూ అదే పని చేస్తుంది, పైగా ఊట ఎంత ఉందో కనిపిస్తుంది. మూత కింద ఇనుము తగలకుండా చూసుకుంటే చాలు.

కిట్ కొన్నవాళ్లు కరపత్రం పక్కన పెట్టి, మరో 150 నుంచి 180 గ్రాముల ఉప్పు, 800 మి.లీ. నువ్వుల నూనె చేర్చి, మూడో రోజు తిరగ కలిపితే మంచి ఆవకాయే వస్తుంది. తక్కువ ఉప్పే కావాలంటే కరపత్రం కొలత ఉంచుకోవచ్చు. కానీ ముక్కలు కడగకుండా, నువ్వుల నూనె ముక్క మునిగేలా పోసి, మూడో రోజు కలిపాక చిన్న సీసాల్లో ఫ్రిజ్‌లో పెట్టి, రెండు నెలల్లో తినేయాలి. బీపీ ఉన్నవాళ్లకు ఇంకో లెక్క: 15 గ్రాముల మామూలు ఆవకాయలో ఉప్పు 1.3 గ్రాముల దాకా ఉంటుంది. రోజంతా కలిపి ఐదు గ్రాములు దాటొద్దన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. జాడీలో కోత పెట్టేకన్నా కంచంలో వేసుకునేది తగ్గించుకోవడం తేలిక.

పొడులకు నాలుగు నక్షత్రాలు, కరపత్రానికి ఒకటి. కొనేముందు ఆవపిండి ప్యాకెట్ మీద తయారీ తేదీ చూడండి. కిందటి ఏడాది పిండి అయితే ఘాటు పోయి ఉంటుంది, అప్పుడు ఎంత వేసినా ఆవకాయ ఆవకాయలా ఉండదు.