క్రౌట్‌రాక్ మీద ఒక్క పుస్తకమే కొంటానంటే...

క్రౌట్‌రాక్ అంటే 1960ల చివర్లో, 70లలో పశ్చిమ జర్మనీలో పుట్టిన ప్రయోగాల రాక్ సంగీతం. ఆ కోవలోని క్యాన్, నోయ్, ఫౌస్ట్ బ్యాండ్ల రికార్డులు విని "ఇవి ఎక్కడినుంచి ఊడిపడ్డాయి?" అని బుర్ర గోక్కునేవాళ్ల చేతిలో నేను ముందు పెట్టేది డేవిడ్ స్టబ్స్ రాసిన ‘ఫ్యూచర్ డేస్’ (ఫేబర్, 2014). లావుపాటి పుస్తకం. బ్యాండ్ల కథ మొదలవడానికే చాలా పేజీలు పడతాయి. ముందంతా యుద్ధం తర్వాతి పశ్చిమ జర్మనీ, ఏమీ జరగనట్టే సాగిపోయిన శ్లాగర్ పాటలు (అక్కడి తేలికపాటి తీపి పాప్ పాటలు), 1968 విద్యార్థుల గొడవలు. ఈ భాగం దాటేయాలనిపిస్తుంది, దాటేయొద్దు. నాజీల కాలంలో మీరేం చేశారని నాన్నల్ని అడిగితే జవాబు రాని ఇళ్లలో పెరిగిన పిల్లలు వీళ్లు. ఇంట్లో పెద్దలు వినే సంగీతం అక్కర్లేదు, ఇంగ్లండ్, అమెరికా బ్యాండ్లకు నకళ్లుగా బతకడమూ అక్కర్లేదు. ఆ మొండితనం అర్థం కాకపోతే మిగతాదంతా వాయిద్యాల చిట్టాలా కనిపిస్తుంది.

ఆ తర్వాత దాదాపు బ్యాండుకో అధ్యాయం. నోయ్ కథ నాకు మరీ ఇష్టం. 1973లో రెండో ఆల్బం చేస్తుండగా డబ్బులైపోయాయి. చేతిలో ఉన్నవి అప్పటికే సింగిల్‌గా వచ్చిన రెండు పాటలు. వాటినే రికార్డ్ ప్లేయర్ మీద నిమిషానికి 16, 78 చుట్ల స్పీడుల్లో తిప్పి రెండో వైపు నింపేశారు. అది తెలిసి ఆ వైపు పెడితే, ‘సూపర్ 16’లో డ్రమ్ము బురదలో కాళ్లీడుస్తున్నట్టు వినిపిస్తుంది, ‘సూపర్ 78’కి వచ్చేసరికి నవ్వాగదు. స్టబ్స్‌తో పేచీ ఒక్కటే: సంగీతాన్ని వర్ణించేటప్పుడు విశేషణాలు కుప్పపోస్తాడు. సగం తీసేసినా నష్టం లేదు.

జూలియన్ కోప్ ‘క్రౌట్‌రాక్‌సాంప్లర్’ (1995) సంగతి వేరు. పరిశోధన కాదది, పూనకం. చివర్లో తనకు నచ్చిన 50 ఆల్బంల జాబితా ఉంది, అదే అసలు సరుకు. పాత ప్రతుల కోసం ఆస్తులమ్ముకోనక్కర్లేదు గానీ, ఎవరైనా అరువిస్తే ఒక్క బిగిన అయిపోతుంది.

క్రిస్టోఫ్ డాలాక్ ‘నోయ్ క్లాంగ్’ (జర్మన్‌లో 2021, ఇంగ్లిష్‌లో 2024) నిండా వాయించినవాళ్ల మాటలే. మధ్యలో సర్దిచెప్పే రచయిత లేడు. ఒకరు చెప్పింది రెండు పేజీల తర్వాత ఇంకొకరు కొట్టిపారేస్తారు, మజా అంతా అక్కడే. కొత్తవాళ్లు మాత్రం దీంతో మొదలుపెట్టొద్దు, పేర్ల వానలో తడిసిపోతారు.

క్యాన్ పిచ్చి ఉన్నవాళ్లకు ‘ఆల్ గేట్స్ ఓపెన్’ (2018). మొదటి సగం రాబ్ యంగ్ రాసిన బ్యాండ్ చరిత్ర, చాలా బాగుంది. కొలోన్ దగ్గర వైలర్స్‌విస్ట్‌లో పాత సినిమా హాలును స్టూడియో చేసుకుని, గోడలకు మిలిటరీ పరుపులు కొట్టి, గంటలకొద్దీ వాయించింది టేపుకెక్కిస్తే, అందులోంచి బ్యాండ్ బాసిస్టు హోల్గర్ చుకాయ్ పాటల్ని కత్తిరించి అతికించేవాడు. వాళ్ల రికార్డుల్లో పాట నడుమ నేల జారినట్టనిపించే చోట్లు ఎందుకున్నాయో ఇది చదివాక తెలిసొస్తుంది. రెండో సగం క్యాన్ కీబోర్డు వాద్యకారుడు ఇర్మిన్ ష్మిట్ ముచ్చట్లు, డైరీ కాగితాలు. కొన్ని చోట్ల బంగారం, కొన్ని చోట్ల ఆవులింతలు. నేనైతే అక్కడక్కడా తెరిచి చదువుతాను.

ఉల్రిక్ అడెల్ట్ పుస్తకం (2016) యూనివర్సిటీ ప్రెస్‌ది. థీసిస్ రాసేవాళ్లకు ఓకే.

ఎలక్ట్రానిక్ సంగీతం చేసిన క్రాఫ్ట్‌వర్క్ బ్యాండ్ కోసమే వచ్చినవాళ్లు, అందులో వాయించిన కార్ల్ బార్టోస్ ఆత్మకథ చూడండి. రిహార్సళ్లు, యంత్రాలు, ఒక్కో పాట ఎలా కుదిరిందీ ఓపిగ్గా చెబుతాడు. కాకపోతే ఆయన చేరింది ‘ఆటోబాన్’ ఆల్బం వచ్చేశాక, 1975లో. అంతకుముందు బ్యాండ్ ఫ్లూట్ వాయించుకునే రోజుల కోసం మళ్లీ స్టబ్స్ దగ్గరికే రావాలి.