నెలలు నిండని పిల్లలకు ‘ఇంటి దగ్గరే కంటి పరీక్ష’ ప్యాకేజీ కొనేముందు ఇది చదవండి

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ మీ ఇంట్లో ఉంటే దయచేసి దీన్ని చివరిదాకా చదవండి. ఇంటికే వచ్చి పసిబిడ్డ కళ్లు, చెవులు, గుండె అన్నీ చూస్తామంటే నమ్మి ఒక ప్యాకేజీ కొన్నాం. కళ్ల దగ్గర ‘నార్మల్’ అని రాసిచ్చారు. సరిగ్గా పదమూడు రోజులకు మా పాప రెండు కళ్లకూ లేజర్ చేయించాల్సి వచ్చింది.

పాప 29 వారాలకే పుట్టింది. బరువు 1,180 గ్రాములు. నాలుగు వారాల వయసులో ఎన్‌ఐసీయూలోనే (పసిపిల్లల ఐసీయూ) కళ్ల డాక్టరు గారు చూశారు. రెటీనాలో, అంటే కంటి లోపలి వెనక తెరలో, రక్తనాళాలు ఇంకా అంచుదాకా పెరగలేదు, ఆర్‌ఓపీ (నెలలు నిండని పిల్లల రెటీనాకు వచ్చే జబ్బు) మొదటి స్టేజీలో ఉంది, రెండు వారాల్లో మళ్లీ తీసుకురండి అన్నారు. ఈలోపే డిశ్చార్జి అయింది. కాగితాల్లో మూడో పేజీ అడుగున ఆ తారీఖు కూడా రాసి ఉంది. మేం చూడకపోలేదు. కానీ అంత చిన్న పిల్లను నలుగురిలోకి తీసుకెళ్తే ఇన్ఫెక్షన్ వస్తుందేమోనని ఒకటే టెన్షన్. అప్పుడే ఈ ప్రకటన కంటపడింది. ఫోన్ చేసి “ఆర్‌ఓపీ కూడా చూస్తారా అండీ?” అని అడిగాను. “కళ్లంటే అన్నీ అందులోనే వస్తాయమ్మా” అన్నారు. అంత తేలిగ్గా నమ్మేశాను.

వచ్చినాయన పాప కళ్లలోకి టార్చి వేశాడు. పాప కళ్లు చిట్లించింది. “చూశారా, వెలుతురు బాగా తెలుస్తోంది” అన్నాడు. ఫోన్‌కి చిన్న అద్దం తగిలించి రెండు ఫొటోలు తీసి, కాగితం మీద టిక్కు పెట్టాడు. మొత్తం రెండు నిమిషాలు. కంట్లో చుక్కల మందు వేయనే లేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. పోతూ పోతూ కంటి నరాలకు బలమని ఒక సీసా కూడా అంటగట్టాడు. ఆర్‌ఓపీని తగ్గించే బలం మందు ఏదీ లేదని తర్వాత డాక్టరు గారు చెబితే తెలిసింది.

ఆ టార్చి ఎందుకు పనికిరాదో చెబుతాను. కడుపులో బిడ్డకు సుమారు 16వ వారంలో రెటీనా మధ్య నుంచి రక్తనాళాలు పాకడం మొదలవుతుంది. ముక్కు వైపు అంచుకు చేరేసరికి 36 వారాలు, చెవి వైపు అంచుకు చేరేసరికి దాదాపు 40 వారాలు పడుతుంది. 29 వారాలకే పుట్టిన బిడ్డకు అవి సగం దారిలో ఉంటాయి. బయటికి రాగానే కడుపులోకన్నా ఎక్కువ ఆక్సిజన్ తగిలి ఆ పెరుగుదల ఆగిపోతుంది. రక్తం అందని అంచు కొన్ని వారాలకు వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని ఎక్కువగా వదులుతుంది. దాంతో పిచ్చి నాళాలు పుట్టి, గట్టిపడి, రెటీనాను లాగేస్తాయి. ఇదంతా కంటి లోపల, అంచుల్లో జరుగుతుంది. బయటి నుంచి చూస్తే కన్ను ముత్యంలా ఉంటుంది. కంటిపాపలో తెల్లగా కనబడిందంటే చాలాసార్లు రెటీనా పూర్తిగా ఊడిపోయినట్టే. అప్పుడు ఆపరేషన్ చేసినా చూపు పెద్దగా రాదు.

పాప బరువు చూపించడానికి వెళ్తే పిల్లల డాక్టరు గారు అడిగిన మొదటి మాట “ఆర్‌ఓపీ రివ్యూ అయిందా?” అనే. నేను ఆ నార్మల్ కాగితం తీసిచ్చాను. ఆయన దాన్ని పక్కన పెట్టి, అప్పటికప్పుడు రెటీనా డాక్టరు దగ్గరికి పంపారు. అప్పటికి పాపకు గర్భం లెక్కన, అంటే కడుపులో ఉన్న వారాలు, పుట్టాక గడిచిన వారాలు కలిపితే, 37 వారాలు.

అసలు పరీక్ష ఎలా ఉంటుందో అక్కడ చూశాను. కొంతసేపు ఆగుతూ మూడుసార్లు చుక్కలు వేశారు. కంటిపాప విచ్చుకుని నల్లగుడ్డంతా అదే అయిపోయింది. రెప్పలు మూతపడకుండా చిన్న తీగ క్లిప్పు పెట్టారు. డాక్టరు గారు తలకు లైటు కట్టుకుని, చేతిలో లెన్సు పట్టుకుని, సన్నటి పుల్లలాంటి పరికరంతో తెల్లగుడ్డును మెల్లగా నొక్కుతూ నలువైపులా అంచులు చూశారు. పాప ఏడుపుకు నా ప్రాణం విలవిల్లాడింది. చివరికి రెండు గుండ్రాలు గీసి, లోపల గీతలు గీసి, కింద రాశారు: జోన్ 2, స్టేజీ 3, ప్లస్. జోన్ అంటే జబ్బు రెటీనాలో ఎక్కడుందో, స్టేజీ అంటే ఎంత ముదిరిందో, ప్లస్ అంటే నాళాలు ఉబ్బి మెలికలు తిరిగాయని. ఈ దశలో 72 గంటల్లోపు వైద్యం మొదలుకావాలన్నారు. మర్నాడు పొద్దున్నే లేజర్ చేశారు.

కుడి కన్ను నిలబడింది. ఎడమ కంట్లో రెటీనా కొంత లేచిపోయి ఆపరేషన్ దాకా వెళ్లాం. ఇప్పుడు పాపకు పద్నాలుగు నెలలు, మైనస్ కళ్లద్దాలు. ఎడమ కన్ను పని చేయాలని రోజూ కొంతసేపు కుడి కంటికి పట్టీ వేస్తాం. సమయానికి లేజర్ చేసినా కొందరికి ముదురుతుందట, కాబట్టి ఎడమ కన్ను దెబ్బతినడానికి ప్యాకేజీ ఒక్కటే కారణమని నేను ఒట్టేసి చెప్పలేను. కానీ మా చేతిలో ఉన్న రెండు వారాలను ఆ నార్మల్ కాగితం తినేసింది. డబ్బు వెనక్కి అడిగితే, నిబంధనల్లో ‘పైపైన పరిశీలన మాత్రమే’ అని రాశామన్నారు. ఫోన్‌లో చెప్పిన మాటకు విలువ లేదట.

అందుకే డబ్బు కట్టేముందు అడగండి: కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారా? చూసేది ఆర్‌ఓపీ తెలిసిన కళ్ల డాక్టరేనా? రిపోర్టులో ఒక్కో కంటికి జోన్, స్టేజీ, ప్లస్ ఉందో లేదో, మళ్లీ ఎప్పుడు రావాలో రాస్తారా? వీటిలో ఏ ఒక్కదానికి నీళ్లు నమిలినా వద్దనేయండి. ఫొటోలు తీయడమే తప్పని నేననడం లేదు. చుక్కలు వేసి ప్రత్యేక కెమెరాతో తీసి, ఆ ఫొటోలను నిపుణులు చూసే పద్ధతి ఉంది, మంచిదే. ఫోన్‌కి అద్దం తగిలించడం అది కాదు.

ఎవరికి ఈ పరీక్ష కావాలన్నది దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో 30 వారాలు లేదా 1,500 గ్రాములు, అంతకన్నా తక్కువైతే చూస్తారు. భారతదేశంలో 34 వారాల లోపు లేదా 2,000 గ్రాముల లోపు. అంతకు పైన ఉన్నా, చాలా రోజులు ఆక్సిజన్ మీద ఉన్న బిడ్డ అయితే డాక్టరును అడగండి. లేజర్ బదులు కంట్లో ఇంజెక్షన్ వేసినా రివ్యూలు మానకండి. ఇంజెక్షన్ తర్వాత కొన్ని వారాలకో, నెలలకో జబ్బు తిరగబెట్టవచ్చు.

ఇప్పుడే లేచి డిశ్చార్జి కాగితాలు తీయండి. కంటి రివ్యూ తారీఖు దాటిపోయి ఉంటే వచ్చే వారం అనుకోకుండా ఈరోజే ఫోన్ చేసి, “ఆర్‌ఓపీ రివ్యూ తప్పిపోయింది, బిడ్డ ఇన్ని వారాలకు పుట్టింది, ఇప్పటికి ఇన్ని వారాలైంది” అని చెప్పండి.